కలబంద జ్యూస్ ఇంట్లో చేసుకునేవాళ్లు ముందు ఆ పసుపు సొన సంగతి తెలుసుకోవాలి

నమస్తే అండీ. మీరు రాసింది రెండుసార్లు చదివాను. మూడు నెలలుగా మలబద్ధకం, తిన్న తర్వాత గుండెల్లో మంట ఉన్నాయన్నారు. ఒక వీడియో చూసి, కుండీలోని కలబంద మట్టకి ముళ్లు మాత్రం తీసేసి, తొక్కతో సహా మిక్సీలో వేసి, ఐదు రోజులుగా పరగడుపున గ్లాసుడు తాగుతున్నారు. చేదు భరించలేనంతగా ఉంది. సాయంత్రానికల్లా కడుపు మెలిపెట్టి నాలుగైదు విరేచనాలు అవుతున్నాయి. "ఒంట్లో మలినాలు పోతున్నాయి, కొనసాగించు" అని తెలిసినవాళ్లు అంటున్నారు. ఇంతకీ సరైన పద్ధతి ఏంటి, ఎంత తాగాలి, ఎన్నాళ్లు తాగాలి, వారానికి సరిపడా ఒకేసారి చేసి పెట్టుకోవచ్చా, బీపీ, షుగర్ మందులు వాడే మీ అమ్మగారికి ఇవ్వొచ్చా అని అడిగారు.

నేను పోషకాహార నిపుణురాలిని. జీర్ణ సమస్యలతో వచ్చేవాళ్లకి ఆహారం గురించి చెప్పడమే చాలా ఏళ్లుగా నా పని. కలబంద రసం మా ఇంట్లో కూడా చేస్తాను. అందుకే రెండు వైపుల నుంచీ చెప్పగలను.

అన్నిటికంటే ముందు, ఇవాళ్టి నుంచి ఆ జ్యూస్ ఆపేయండి. శుభ్రమైన నీళ్లు, ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా తాగండి. రెండు రోజుల్లో విరేచనాలు తగ్గకపోయినా, కాళ్లు లాగుతున్నా, గుండె దడగా ఉన్నా, మూత్రం బాగా తగ్గినా, మలంలో రక్తం కనిపించినా డాక్టర్‌ దగ్గరికి వెళ్లండి. కలబంద తొక్కతో సహా తాగానని ఆయనతో తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాటతో ఆయనకి సగం విషయం అర్థమవుతుంది. ఈ ఐదు రోజుల్లో మూత్రం ఎర్రగా వచ్చి ఉంటే అది మట్టలోని పదార్థాల రంగు కూడా కావచ్చు. ఆపిన తర్వాత కూడా అలాగే వస్తుంటే మాత్రం పరీక్ష చేయించుకోవాల్సిందే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కలబంద మట్టని అడ్డంగా కోసి చూడండి. పైన ఆకుపచ్చ తొక్క, లోపల అద్దంలా మెరిసే గుజ్జు కనిపిస్తాయి. ఈ రెండింటి మధ్య, తొక్కకి ఆనుకుని, కంటికి సరిగా ఆనని సన్నటి గొట్టాలు ఉంటాయి. కోయగానే వాటిలోంచి పసుపు రంగు సొన కారుతుంది. మామిడికాయకి సొన ఉన్నట్టే దీనికీ ఉంటుంది. విషం లాంటి చేదు అంతా ఈ సొనదే. బట్ట మీద పడితే మరక ఒక పట్టాన వదలదు. దీన్నే సేకరించి ఎండబెడితే నల్లగా గడ్డకట్టే పదార్థాన్ని ముసాంబరం అంటారు. ముసాంబరం పేరు విన్న పెద్దవాళ్లెవరినైనా అడగండి, అది గట్టి విరేచనకారి అని చెబుతారు. మీరు ఐదు రోజులుగా తాగుతున్నది గుజ్జు రసం ఒక్కటే కాదు, పచ్చి ముసాంబరం కూడా.

ఆ సొనలో అలోయిన్ అనే పదార్థం ఉంటుంది. అది కడుపులోను, చిన్నపేగులోను పెద్దగా మార్పు లేకుండా దాటిపోతుంది. పెద్దపేగు చేరాక అక్కడుండే బ్యాక్టీరియా దాన్ని విడగొట్టి వేరే పదార్థంగా మారుస్తుంది. అప్పుడు మొదలవుతుంది అసలు పని. ఆ కొత్త పదార్థం పేగు గోడల్ని రెచ్చగొట్టి గట్టిగా ముడుచుకునేలా చేస్తుంది, మలంలోని నీటిని పేగు తిరిగి పీల్చుకోకుండా అడ్డుకుంటుంది. ఇదంతా జరగడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది. మీరు పొద్దున తాగితే సాయంత్రం మెలిపెట్టడానికి కారణం ఇదే. బయటికి పోతున్నవి మలినాలు కావండీ. మీ ఒంటికి కావలసిన నీరు, దానితోపాటు పొటాషియం. పొటాషియం తగ్గితే కండరాలు నీరసపడతాయి, గుండె లయ కూడా దెబ్బతినొచ్చు.

ఇందులో ఇంకో చిక్కుంది. చాలామంది దీన్ని గమనించరు. విరేచనాలై పెద్దపేగు పూర్తిగా ఖాళీ అయిపోయాక మళ్లీ నిండడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులు మోషన్ రాకపోవడం సహజం. కానీ మనిషికి టెన్షన్ మొదలవుతుంది. "చూశారా, ఆపగానే మళ్లీ మలబద్ధకం వచ్చింది" అనుకుని మళ్లీ తాగుతారు. మళ్లీ ఖాళీ, మళ్లీ టెన్షన్. అలా నెలల తరబడి సాగించినవాళ్లని చూశాను. ఈ కోవకి చెందిన విరేచనకారుల్ని చాలాకాలం వాడినవాళ్లకి కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేస్తే పెద్దపేగు లోపలి పొర గోధుమ, నలుపు రంగుల్లోకి మారి కనిపించవచ్చు. కాబట్టి మీరు ఆపిన తర్వాత రెండు మూడు రోజులు మోషన్ రాకపోయినా కంగారు పడకండి.

తొక్కతో సహా తాగడం గురించి నా ఒక్కదాని అభిప్రాయం చెప్పి వదిలేయను. అమెరికాలో ఒకప్పుడు ఈ సొనతో చేసిన విరేచన మందులు చీటీ లేకుండానే దొరికేవి. అవి సురక్షితమని చూపించే సమాచారాన్ని తయారీదారులు ఇవ్వకపోవడంతో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లో వాటిని మార్కెట్ నుంచి తీసేయించింది. తర్వాత, సొన తీయని పూర్తి ఆకు సారాన్ని రెండేళ్లపాటు తాగించిన ఎలుకల పెద్దపేగుల్లో కణితులు కనిపించాయి. వాటిని పరిగణనలోకి తీసుకునే ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం, పూర్తి ఆకు సారాన్ని "మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవి" అనే 2బి జాబితాలో పెట్టింది. ఐదు రోజులు తాగినందుకు క్యాన్సర్ వస్తుందని దీని అర్థం కాదు, దయచేసి భయపడకండి. తొక్కలోనే శక్తి అంతా ఉందని చెప్పే మాటని నమ్మి రోజూ తాగే అలవాటు చేసుకోకండి అనే చెబుతున్నాను.

నాకు ఈ పాఠం చదువుకున్న చోట కాదు, నా వంటింట్లోనే బాగా బుర్రకెక్కింది. మొదటిసారి చేసినప్పుడు తొక్క తీశాను, గుజ్జు తెల్లగానే ఉంది కదా అని కడగకుండా మిక్సీలో వేశాను. కొంచెం చేదు తగిలింది. మంచిదేలే అని తాగేశాను. ఆ రాత్రి నాలుగుసార్లు లేవాల్సి వచ్చింది. పొద్దున చూస్తే గిన్నెలో మిగిలిన గుజ్జు గులాబీ రంగులోకి తిరిగి ఉంది. సొన గాలి తగిలి ఎర్రబారుతుందని అప్పుడు తెలిసింది. అప్పటి నుంచి నేను రెండు విషయాలు చూస్తాను. నాలుక మీద పెట్టుకుంటే చేదు తగలకూడదు. కోసి పెట్టిన ముక్క కాసేపటికి ఎర్రబారకూడదు. శుభ్రం చేసిన గుజ్జుకి దాదాపు రుచే ఉండదు, లేత దోసకాయని గుర్తుచేసే పచ్చివాసన కొంచెం వస్తుంది, అంతే. చేదు ఉందంటే మందు గుణం ఎక్కువని కాదు, ఇంకా కడగాలని.

తయారీకి ముందు మొక్క సంగతి. కలబంద జాతిలో కొన్ని వందల రకాలున్నాయి, వాటిలో చాలావరకు అందం కోసం పెంచేవే. తాగడానికి పనికొచ్చేది అలోవెరా, దీన్నే అలో బార్బడెన్సిస్ అని కూడా అంటారు. మట్టలు లావుగా, బూడిద కలిసిన ఆకుపచ్చగా ఉంటాయి, అంచుల ముళ్లు మెత్తగా ఉంటాయి, పూలు పసుపు రంగులో పూస్తాయి. కిత్తనారని చూసి కలబంద అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కిత్తనార మట్ట బిగుసుకుని ఉంటుంది, కొసన సూది లాంటి ముల్లు ఉంటుంది, విరిస్తే నార వస్తుంది. దాని రసం తగిలితే చర్మం దురద పెట్టి మండుతుంది. కలబంద మట్ట తేలిగ్గా విరుగుతుంది, లోపల నార ఉండదు. మొక్క ఏదో మీకు కచ్చితంగా తెలియకపోతే నోట్లో పెట్టుకోకండి. నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మొక్కనీ వెంటనే వాడకండి. అలంకరణ మొక్కలకి పురుగుమందులు కొట్టి ఉండవచ్చు. మీ దగ్గర పెరిగి, కొత్తగా వచ్చిన మట్టలు ముదిరాక వాటిని కోసుకోండి.

కోసేటప్పుడు మధ్యలోని లేత మట్టల జోలికి వెళ్లకండి. అడుగున, బయటి వరసలో ఉన్న ముదురు మట్టని మొదలు దాకా కోయండి. మొక్కకి కనీసం రెండు మూడేళ్ల వయసుంటే గుజ్జు దండిగా వస్తుంది. ఒక్క మట్ట చాలు. ఒక మొక్క నుంచి ఒకేసారి నాలుగైదు కోసేస్తే అది కోలుకోవడానికి చాలాకాలం పడుతుంది.

ఇప్పుడు చెప్పే భాగంలో తొందర పడొద్దు. మట్టని నీళ్లతో బాగా రుద్ది కడగండి. మొదలు దగ్గర ఏటవాలుగా ఒక అంగుళం కోసి పారేయండి. కోసిన వైపు కిందికి ఉండేలా ఒక గ్లాసులో నిలబెట్టి అరగంట వదిలేయండి. గ్లాసు అడుగున పసుపు ద్రవం చేరడం మీకే కనిపిస్తుంది. అది పారబోయడానికే. ఇంత చేసినా సొన మొత్తం కారిపోదు, తొక్కకి అంటుకుని కొంత ఉంటుంది. అందుకని మట్టని నాలుగైదు అంగుళాల ముక్కలుగా కోసి, వాటిని ఒక పెద్ద గిన్నెడు నీళ్లలో మరో పది, పదిహేను నిమిషాలు ఉంచి, ఆ నీళ్లు కూడా పారబోయండి.

తర్వాత ముక్కని పీట మీద బోర్లా కాకుండా, చదునైన వైపు పైకి ఉండేలా పెట్టండి. రెండు అంచుల్లోని ముళ్లని పొడుగునా కోసేయండి. ఇక పైతొక్క. చాలామంది పొరపాటు ఇక్కడే జరుగుతుంది. గుజ్జు వృథా అవుతుందని బంగాళాదుంప చెక్కు తీసినట్టు పల్చగా తీస్తారు. సొన గొట్టాలు తొక్క కిందే ఉంటాయి కాబట్టి పల్చగా తీస్తే అవి గుజ్జుకే అంటుకుని ఉండిపోతాయి. కత్తిని రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి పోనిచ్చి మందంగా తీయండి. కొంత గుజ్జు తొక్కతో పోతుంది, పోనివ్వండి. ఆకుపచ్చ చార గానీ, పసుపు మరక గానీ ఎక్కడున్నా ఆ చోటు చెక్కేయండి. తిప్పి రెండో వైపు కూడా అలాగే. చేతులు జిగటగా అయి కత్తి జారుతుంది, ఈ పనిలో వేలు తెగినవాళ్లు నాకు తెలుసు. పొడిగుడ్డ పక్కనే పెట్టుకుని మధ్యమధ్యలో చేతులు, పిడి తుడుచుకోండి. తొక్క తీసిన కత్తిని, పీటని కడిగాకే గుజ్జు ముక్కలు కోయండి. లేకపోతే కత్తికున్న సొన మళ్లీ గుజ్జులోకే వస్తుంది.

గుజ్జు పలకల్ని అంగుళం ముక్కలుగా కోసి, జల్లెడలో వేసి, కుళాయి కింద కడగండి. పైన ఉన్న జారుడు తగ్గి, నీళ్లలో పసుపు ఛాయ పూర్తిగా పోయేదాకా మూడు నాలుగుసార్లు నీళ్లు మార్చండి. ఇలా కడిగితే సారం పోతుందేమోనని కొందరు అడుగుతారు. పైపైన ఉన్న జిగురు కొంచెం పోతుంది, నిజమే. సొన మిగలడం కంటే అది నయం. కడిగాక ఒక చిన్న ముక్క కొరికి చూడండి. చేదు లేకపోతే సిద్ధమైనట్టే.

జ్యూస్ చేయడం రెండు నిమిషాల పని. రెండు టేబుల్ స్పూన్ల ముక్కలు, అంటే సుమారు 30 గ్రాములు, ఒక గ్లాసు చల్లని నీళ్లు మిక్సీలో వేసి పదిహేను, ఇరవై సెకన్లు తిప్పండి. నురగ బాగా వస్తుంది, ఐదు నిమిషాలు వదిలేస్తే అణిగిపోతుంది. కావాలంటే వడకట్టుకోండి. వేడి చేయకండి, మరిగించకండి. గుజ్జుకి ఆ జిగురునిచ్చే ఎసిమన్నన్ లాంటి పొడవైన చక్కెర గొలుసులు ఎక్కువ వేడికి తెగిపోతాయి. నిమ్మరసం పిండితే రుచీ బాగుంటుంది, రంగు మారడమూ కొంత ఆలస్యమవుతుంది. కానీ మీకు గుండెల్లో మంట ఉంది కనుక నిమ్మ వద్దు. పంచదార, తేనె కూడా అవసరం లేదు. రుచి కోసం ఏదైనా పండు ముక్క వేసుకోండి, చాలు.

ఎంత తాగాలి అన్నదానికి నా సమాధానం మీకు నచ్చకపోవచ్చు. గ్లాసుల లెక్కన కాదు, చెంచాల లెక్కన తాగాలి. మీ కడుపు పూర్తిగా కుదుటపడ్డాక, కనీసం రెండు వారాల తర్వాత, మొదటి రోజు ఒక టీస్పూన్ గుజ్జు మాత్రమే నీళ్లలో కలిపి తాగండి. ఒక రోజు ఆగి చూడండి. దద్దుర్లు, దురద, పెదవుల వాపు, కడుపునొప్పి, పల్చటి విరేచనం ఏదీ లేకపోతే నెమ్మదిగా పెంచుతూ రెండు టేబుల్ స్పూన్ల దాకా వెళ్లండి. అక్కడితో ఆగండి. ఉల్లి, వెల్లుల్లి పడనివాళ్లు, లిల్లీ పూల వల్ల ఎలర్జీ వచ్చేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. రెండు నుంచి నాలుగు వారాలు తాగి తేడా కనిపించకపోతే మానేయండి. కనిపించినా మధ్యలో కొన్ని వారాలు విరామం ఇవ్వండి. పరగడుపునే తాగాలన్న నియమం ఏమీ లేదు. పొద్దున తాగితే వికారంగా ఉండేవాళ్లు భోజనానికి అరగంట ముందో, తిన్న గంట తర్వాతో తాగొచ్చు.

ఇంతకీ ఇంత శ్రమపడితే ఉపయోగం ఉంటుందా? కొంత ఉంటుంది, ప్రచారంలో ఉన్నంత మాత్రం ఉండదు. పరిశోధనలు చాలావరకు చిన్నవే. లండన్‌లో అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు) ఉన్న 44 మందితో చేసిన అధ్యయనం 2004లో వచ్చింది. కలబంద గుజ్జు రసాన్ని రోజుకు రెండుసార్లు 100 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు వారాలు తాగిన 30 మందిలో 9 మందికి లక్షణాలు సద్దుమణిగాయి, ఉత్తుత్తి మందు తీసుకున్న 14 మందిలో ఒక్కరికే తగ్గాయి. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ (పేగుల్లో పుండు, వాపు లేకుండానే కడుపునొప్పి, మోషన్‌లో మార్పులు వచ్చే సమస్య) మీద 2006లో వచ్చిన అధ్యయనంలో 58 మంది పాల్గొన్నారు, పెద్ద తేడా కనిపించలేదు. తర్వాత మూడు అధ్యయనాల్లోని 151 మంది ఫలితాల్ని కలిపి 2018లో చూసినప్పుడు కొంత మేలు ఉన్నట్టు తేలింది. గుండెల్లో మంట మీద 2015లో ఇరాన్ పరిశోధకులు 79 మందితో చేసిన అధ్యయనంలో రోజుకు 10 మిల్లీలీటర్ల కలబంద సిరప్‌తో మంట, పుల్లటి తేన్పులు తగ్గాయి. 10 మిల్లీలీటర్లంటే రెండు టీస్పూన్లే కదా, గ్లాసులకి గ్లాసులు తాగక్కర్లేదని అక్కడే తెలుస్తోంది. ఈ అధ్యయనాల్లో వాడినవి సిద్ధం చేసిన, ఒకే మోతాదు ఉన్న ఉత్పత్తులని కూడా గుర్తుంచుకోవాలి. మన వంటింటి రసం రోజుకొక రకంగా ఉంటుంది. అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవాళ్లు ఆ లండన్ ఫలితం విని మందులు ఆపకూడదు, డాక్టర్‌ని అడగకుండా ఈ రసం మొదలుపెట్టకూడదు.

బరువు తగ్గడానికి, రక్తం శుద్ధి కావడానికి అని చెప్పే మాటల్ని నేను పట్టించుకోను.

మీ మలబద్ధకం సంగతి విడిగా చెప్పాలి. సొన లేని గుజ్జులో దాదాపు 99 శాతం నీళ్లే. 30 గ్రాముల గుజ్జులో గట్టి పదార్థం అరగ్రాము కూడా ఉండదు. పీచు కోసం దాని మీద ఆధారపడితే నిరాశే మిగులుతుంది. ఇన్నాళ్లూ కలబందతో మోషన్ అయింది అని ఎవరు చెప్పినా, నా అనుభవంలో రెండు కారణాలే కనిపించాయి. గుజ్జులో సొన మిగిలి ఉండటం ఒకటి, పొద్దున్నే గ్లాసుడు నీళ్లు పడటం రెండోది. ఆ రెండోదానికి కలబంద అక్కర్లేదు. మీరు రోజుకి ఎంత నీరు తాగుతున్నారో, కూరగాయలు, పప్పుధాన్యాలు, పొట్టు తీయని ధాన్యాలు, పండ్లు ఎంత తింటున్నారో మూడు రోజులు కాగితం మీద రాసి చూడండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి తాము అనుకున్నదానిలో సగం కూడా తినడం లేదని అప్పుడే తెలుస్తుంది. పీచు పెంచేటప్పుడు ఒక్కసారిగా కాకుండా రెండు మూడు వారాల్లో పెంచండి, లేకపోతే గ్యాస్‌తో ఇబ్బంది పడతారు. ఇసబ్గోల్ పొట్టు నీళ్లలో కలిపి తాగడం మలబద్ధకానికి కలబంద కంటే ఎంతో నమ్మకమైన మార్గం. ఒక గ్లాసు నిండా నీళ్లతో తాగాలి, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగితే మరీ మంచిది. పొద్దున ఏదైనా తిన్న తర్వాత పేగుల్లో సహజంగా కదలిక మొదలవుతుంది, ఆ సమయంలో హడావుడి లేకుండా పది నిమిషాలు కూర్చోండి. పాదాల కింద చిన్న పీట పెట్టుకుంటే మోకాళ్లు పైకి లేచి మోషన్ తేలికవుతుంది. ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు, కొన్ని నొప్పి మందుల వల్ల కూడా మలబద్ధకం వస్తుంది, మీరు వాడేవాటిలో ఏమైనా ఉన్నాయేమో చూసుకోండి.

మూడు నెలలుగా ఉందన్నారు కాబట్టి ఒకసారి డాక్టర్‌కి చూపించుకోమనే చెబుతాను. థైరాయిడ్ పరీక్ష లాంటివి చిన్న విషయాలే. కానీ కారణం లేకుండా బరువు తగ్గడం, మలంలో రక్తం లేదా నల్లటి మలం, మింగేటప్పుడు అడ్డుపడటం, రక్తహీనత, ఆగని వాంతులు, 45 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన మార్పు, వీటిలో ఏది ఉన్నా కలబంద, ఇసబ్గోల్ అంటూ ఇంట్లో ప్రయోగాలు చేస్తూ కాలం గడపకండి.

అమ్మగారి విషయం. నేనైతే ఇవ్వను. షుగర్ మందులతో పాటు కలబంద తీసుకుంటే చక్కెర మరీ పడిపోయే అవకాశం ఉంది. ఆవిడ వాడే బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి ఉంటే వాటి వల్ల పొటాషియం ముందే తగ్గుతూ ఉండవచ్చు, దానికి ఈ సొన తోడైతే ప్రమాదం. గుండెకి డిగాక్సిన్ వాడేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఆవిడకి తాగాలని గట్టిగా ఉంటే మందుల చీటీలన్నీ డాక్టర్‌కి చూపించి, ఆయన సరే అన్నాకే, అదీ గుజ్జు మాత్రమే. మందులకీ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 12 ఏళ్లలోపు పిల్లలు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, పేగుల్లో అడ్డంకి లేదా క్రోన్స్ అనే పేగు వాపు జబ్బు ఉన్నవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఆపరేషన్ ఉంటే కనీసం రెండు వారాల ముందే ఆపేయాలి. అరుదుగా కొందరికి కలబంద ఉత్పత్తులు నోటి ద్వారా తీసుకున్నాక కాలేయం వాచిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి, ఆపేశాక వాళ్లు కోలుకున్నారు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఆకలి చచ్చిపోయినా వెంటనే ఆపి కాలేయ పరీక్ష చేయించుకోండి. ఇది అమ్మగారికే కాదు, మీకు కూడా.

ఇక నిల్వ. వారానికి సరిపడా జ్యూస్ చేసి పెట్టుకోవద్దు. గుజ్జు బయటికి తీసిన క్షణం నుంచి దానిలోని ఎంజైములు, గాలిలోంచి చేరే బ్యాక్టీరియా ఆ జిగురుని విరగ్గొట్టడం మొదలుపెడతాయి. మూత గట్టిగా ఉన్న గాజుసీసాలో ఫ్రిజ్‌లో పెడితే ఒక రోజు, మహా అయితే రెండు రోజులు. పుల్లటి వాసన వచ్చినా, నీళ్లలా పల్చబడినా, ఎర్రబారినా పారబోయండి. నేను చేసేది ఏంటంటే, ఒక మట్టని ఒకేసారి శుభ్రం చేసి, ముక్కల్ని నీళ్లు లేకుండా మిక్సీలో తిప్పి ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెడతాను. గడ్డకట్టాక కవర్‌లోకి మార్చి తేదీ రాస్తాను. నెల, నెలన్నర దాకా బాగానే ఉంటుంది. ఒక్కో గడిలో ఒక టేబుల్ స్పూన్ పడుతుంది కాబట్టి కొలత కూడా తప్పదు. తాగే ముందు ఒక ముక్క తీసి గ్లాసు నీళ్లలో కరగనిస్తే సరిపోతుంది.

తీరిక లేక సీసా జ్యూస్ కొనుక్కుంటానంటే లేబుల్ మీద మట్ట లోపలి గుజ్జుతో మాత్రమే చేశారా, పూర్తి ఆకుతోనా అన్నది చూడండి. పూర్తి ఆకుతో చేసినదైతే బొగ్గుతో వడపోసి సొన తీసినట్టు రాసి ఉండాలి. తాగే ఉత్పత్తుల్లో అలోయిన్ 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో 10 భాగాలు) లోపే ఉండాలని కలబంద పరిశ్రమ తానే ఒక ప్రమాణం పెట్టుకుంది, ఆ అంకె రాసిన సీసా అయితే ఇంకా మేలు. పంచదార ఎంత కలిపారో కూడా చదవండి.

మీరు వాడే మందులు, మాత్రలు ఏమైనా ఉంటే వాటి పేర్లు, రోజుకి తాగే నీళ్లు, నేను చెప్పిన మూడు రోజుల తిండి లెక్క రాసి పెట్టండి. చూసి, మీ మలబద్ధకానికి ఏది ముందు మార్చాలో చెబుతాను.